పచ్చి వేలిముద్ర

విశాఖ రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాసే శ్రీరామ్మూర్తికి యాభై ఏళ్లుంటాయి. చూపుడువేలి కొన ఎప్పుడూ సిరాతో నల్లగా ఉంటుంది. ఆస్తి అమ్మినవాడు ఎదురుగా కూర్చుని, ఆఖరి పైకం చేతబట్టి, “ముట్టింది” అని నోటితో అంటేగాని అతడు చెల్లు రసీదు రాయడు.

డెబ్బై ఎనిమిది వేసవిలో ఒక ఉదయం, ఫిషింగ్ హార్బర్‌లో అప్పలసూరి ఐసుకొట్టు కొంటున్న దొరబాబు ఒక్కడే వచ్చాడు. వేలిముద్ర వేసిన ఖాళీ కాగితం ముందు పెట్టాడు.

“అప్పలసూరేడి?”

“నాలుగ్రోజుల కిందటే డబ్బట్టుకుని ఊరెల్పోనాడు. ముద్రేసే ఎల్లాడు. మీరు చెల్లు రసీదు రాసీండి.”

శ్రీరామ్మూర్తి అలవాటుగా ముద్ర మీద అద్దుడు కాగితం నొక్కాడు. సిరా దానికి నల్లగా అంటుకుంది. ముద్ర ఇంకా పచ్చిగానే ఉంది.

“నాను రాయను బాబూ.”

దొరబాబు నవ్వి, కాగితం తీసుకుని పక్క లేఖరి దగ్గరకు వెళ్లాడు. అక్కడ కలం కదలసాగింది.

శ్రీరామ్మూర్తి పెట్టె మూసేసి, ఎండలో పడి హార్బర్ వెనకున్న అప్పలసూరి ఇంటికి నడిచాడు. తలుపుకు బయట కొత్త తాళం వేలాడుతోంది.

“సూరీ!” అని పిలిచాడు.

లోపలి నుంచి ఎవరో తలుపును రెండుసార్లు మెల్లగా తట్టారు.