రంగు వేరే అంగీ

ఆ రోజుల్ల మా మెదక్‌ల వాలీబాల్ అంటే ఎత్తున్నోళ్ల ఆట. నెట్ మీదికి ఎగిరి కొట్టెటోడే ఆటగాడు, మిగిలినోళ్లు బాల్ తెచ్చిచ్చెటోళ్లు. నేనేమో పొట్టి. (ఇప్పుడు కూడా పొట్టే, కాకపోతే ఇప్పుడు ఎవ్వరు కొలుస్తలేరు.) అయినా పాపన్నపేట దిక్కు ఊర్లల్ల టోర్నమెంట్లు ఆడుకుంట, ఎంత గట్టిగ కొట్టిన బాల్‌నైనా కింద వడకుండ లేపుతనని పేరు తెచ్చుకున్న. ఆ పేరు మీదనే హైదరాబాద్‌ల ఒక ప్రొఫెషనల్ టీం పిలిచింది. ఉన్నది లిబెరో జాగ ఒక్కటే, దానికి నేను, ఇంకో పిలగాడు, ఇద్దరం పోటీ. లిబెరో అంటే ఎనక నిలవడి బాల్ లేపుడే పని. ఎగిరి కొట్టనియ్యరు, సర్వీస్ చెయ్యనియ్యరు. రెఫరీ గుర్తువట్టెతందుకు వాని అంగీ రంగు వేరే ఉంటది. "ఒక ప్రాక్టీస్ మ్యాచ్ ఆడిపిస్త, ఎవరుంటరో అటెంక చెప్త," అన్నడు కోచ్ సార్.

గీ ముచ్చటంత ఇంట్ల చెప్పిన గని అంగీ సంగతి చెప్పలే. మా నాయిన, మేం అబ్బా అంటం, చర్చి రోడ్డుల టైలర్. మనిషి ఎదురైతే ముందుగాల మొఖం గాదు, కుట్టు చూస్తడు. మ్యాచ్ నాడు దుకాణం బంద్ వెట్టి, మెడల టేపు తీసుడు మరిచి, పక్క హోటల్ చాయ్ చిచాను ఎంటవెట్టుకొని బస్సెక్కి వచ్చిండు. చూస్తే టీమంత నీలం అంగీలల్ల, నేనొక్కన్నే పసుపు పచ్చ అంగీల. పైగా నన్ను మాటిమాటికి లోపటికి తోలుడు, బయటికి పిలుసుడు. (లిబెరో మార్పులు గట్లనే ఉంటయి, తెల్వనోళ్లకు మాత్రం ఏదో పని చెప్పి తిప్పుతున్నట్టే కనవడ్తది.)

మొదటి సెట్ అయినంక తిరిగి చూస్తే అబ్బా కోచ్ సార్ పక్కకు నిలవడ్డడు. "సార్, జర ఒక్క మాట. కపడా తక్కువ వడ్డదా మీకు? చెప్తే నేనే కుట్టుకొస్తుంటి గద. అందరి నడుమ పొల్లగాన్ని గట్ల అలగ్ నిలవెడ్తే మంచిగున్నదా?" ఎనకకెల్లి చిచా, "నీలం కపడా దుకాణంల మస్తున్నది సార్," అన్నడు. కోచ్ సార్ ఏమన్నడో వినవడలే, విజిల్ వడ్డది.

నా పానమంత ఆడనే ఉన్నది. ఇన్నేండ్ల కష్టం అంగీ పంచాయితీల పోతదా అని అటే చూస్తున్న. అవుతలోడు సర్వీస్ చేసింది చూడలే. బాల్ సీదా వచ్చి ఛాతీకి తాకింది. నాకు ఊపిరాగింది గని, బాల్ మాత్రం మంచిగ లేసి మా సెట్టర్ చేతులకే పోయింది, పాయింటు వచ్చింది. (వాలీబాల్‌ల ఒంటికి ఏడ తాకినా చెల్లుతది.) అటెంక భయానికో సిగ్గుకో, మ్యాచ్ అయ్యేదాక ఒక్క బాల్ కింద వడనియ్యలే.

"ఛాతీ అడ్డం వెట్టిండు, గదీ లిబెరో అంటే," అన్నడు కోచ్ సార్ అందరి ముందట. నేను ఛాతీ రుద్దుకున్న. సార్ అబ్బా దిక్కు తిరిగి, "అది శిక్ష గాదు చాచా, రూల్. ఇగ ఈ సీజన్ ఆ అంగీ మీవోనిదే," అన్నడు. అబ్బా నా దగ్గరికి వచ్చిండు, శభాష్ అంటడనుకున్న. అంగీ భుజం వట్టి చూసిండు. "రూల్ సరే. భుజం జారింది. చేతులు చాపు బేటా," అని టేపు తీసిండు. టీమంత నవ్వుతుంటే నేను చేతులు చాపి నిలవడ్డ. ఆ సీజన్ల అందరి అంగీలు ఒకసారి మెదక్ వచ్చి పోయినయి.

కొన్ని సీజన్లు ఆడినంక మోకాళ్లు ఇగ వద్దన్నయి. మళ్ల మెదక్‌కే వచ్చి, ఇప్పుడు పొద్దుగాల ఈడి గ్రౌండ్‌ల ఆడపిల్లలకు నేర్పుతున్న. మొన్న శివ్వంపేట పిల్ల ఒకామె అడిగింది: "సార్, అన్నేండ్లు ఆడిండ్రు గద, ఎన్ని పాయింట్లు కొట్టిండ్రు?"

"ఒక్కటి గూడ కొట్టలే బిడ్డా."

పిల్లలందరు ఒకలి మొఖం ఒకలు చూసుకున్నరు. "ఫికర్ చెయ్యకుండ్రి సార్, ఇప్పుడు కొట్టుండ్రి," అని ఆ పిల్ల నెట్ పక్కకు బాల్ మెల్లగ ఎగరేసింది. కొట్టాలె అనే అనుకున్న. చేతులు మాత్రం వాటంతటవే జోడువడి, బాల్‌ను భద్రంగ మళ్ల ఆ పిల్ల చేతులకే లేపినయి.