ఎనిమిదో గది

మా చిన్నదాని చిన్నప్పుడు... ఒక ఆదివారం ఉదయం.

మంచుకి దండెం మీద బట్టలు ఆరలేదు. అమ్మ నీళ్ళ పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తోంది. నాన్న గడప దగ్గర కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నారు. నేను బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటున్నాను.

చెల్లెలు రూతు జడ వేసుకుంటూ, "అక్కా, ఈవేళ మధ్యాన్నం ఎనిమిదో గది" అంది.

"ముందు చర్చికి పద" అన్నాను. గూట్లోంచి నోట్సు తీసి సంచిలో పెట్టుకున్నాను. అంతే... మరి చూసుకోలేదు.

రూతు మా ఇంట్లో ఆఖరిది. నాకూ దానికీ పద్దెనిమిదేళ్ళ తేడా. అనకాపల్లిలో సెల్‌ఫోన్లు ఇంకా మా వీధికి రాని రోజులు. నా ఈడు వాళ్ళంతా పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. ఆదివారం పిల్లలకి వాక్యం చెప్పడం... అదొక్కటే నాకంటూ ఉన్న చోటు.

అంతకు ముందు ఏడాది చర్చికి విదేశాల నుంచి పాత పుస్తకాల పెట్టె ఒకటి వచ్చింది. పిల్లల బైబిలు కథల మధ్య ఎలా దూరిందో, ఒక పల్చటి పుస్తకం. ముప్పై రెండు పేజీలుంటాయేమో. అట్ట దానికి కుట్టి లేదు, విడిగా ఊడి వచ్చేది. అట్ట లోపలివైపు నీలిరంగులో ఒక కోట పటం, గదిగదికీ ఒక నెంబరు. లోపల ఆ నెంబర్ల ప్రకారమే రాత. అక్కడక్కడ కొన్ని మాటల చుట్టూ గీత గీసి గడి కట్టారు.

ఎవరికీ అర్థం కాక రూతుకి ఇచ్చేశారు. అది డిక్షనరీ పక్కన పెట్టుకుని వేసవి సెలవులంతా చదివింది.

"ఇది కత కాదక్కా. కతకి కావల్సిన సామాను."

"మరి హీరో ఏడే?"

"హీరోవి నువ్వే. అందుకే పేరు రాయలేదు." తరవాత బడిలో టీచరులా చెప్పింది. "గడిలో ఉన్నది బయటికి సదవాలి. గడి బయట ఉన్నది ఆట నడిపేదానికే తెలవాలి. నువ్వు అడిగితేనే సెప్తాను."

ఆ కోట మా ఇద్దరికీ కొత్తగా ఉండేది. అందుకని రూతు సొంతంగా ఒకటి రాసింది. పొడుగు నోట్సులో, అచ్చం ఆ పుస్తకంలాగే... అట్ట లోపల పటం, పన్నెండు గదులు, గడులు. కోట బదులు పాడుబడ్డ బెల్లం వండే పాక. శనివారం మధ్యాహ్నాలు ఆ పాత పుస్తకం ఊడిన అట్టని తడికలా ఎదురుగా నిలబెట్టుకుని, దాని వెనక కూర్చుని నన్ను నడిపించేది. ముప్పై ఏళ్ళు దాటిన మనిషిని... చాప మీద కూర్చుని, "తలుపు నెమ్మదిగా తోశాను" అనేదాన్ని.

ముందురోజే ఏడో గది చేరాం. చెరకురసం కాచే పెద్ద పెనం వెనక రెండు ఎర్రటి కళ్ళు. నాకు నిజంగానే భయం వేసింది.

"ఎవరయ్యా నువ్వు?" అని అడిగాను.

రూతు గొంతు మార్చింది. "పొయ్యి ఎగదోసేవోణ్ణమ్మా. పొగకి కళ్ళు ఇలాగైపోనాయి. దాహమేత్తంది."

నీళ్ళు ఇచ్చాను. ముసలాయన ఎనిమిదో గది తలుపు చూపించాడు. ఇంతలో అమ్మ పిలిచింది.

ఆ గడి పద్ధతి నాకు నచ్చింది. నా వాక్యం నోట్సులోనూ బయటికి చదవాల్సిన వచనం చుట్టూ గీత గీసుకునేదాన్ని. రెండు నోట్సులకీ ఒకే ఖాకీ కాగితం అట్ట, ఒకే గూడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల కూడికలో నన్ను చదవమన్నారు. గుర్తుకి దారం పెట్టిన చోట తెరిచాను. గడి కనబడింది. చదివాను.

"మీ ముందు చీకటి."

వెనకనుంచి ఎవరో "ఆమేన్" అన్నారు.

"పెనం వెనక రెండు ఎర్రటి కళ్ళు మీ వైపే చూస్తున్నాయి. అది మిమ్మల్ని పేరు పెట్టి పిలిచింది."

అలవాటైన నోరు... ఆగేసరికి ఆలస్యమైంది.

"ఏటమ్మా ఇది? వాక్యమా, దెయ్యం కతా?" అంది ఒక పెద్దావిడ. "పిల్లలకి మరి నువ్వేనా సెప్పేది?"

మాట మాకన్నా ముందే ఇంటికి చేరింది. సాయంత్రం చాప పరిచి నలుగురం కూర్చున్నాం. పెట్టెలో వచ్చిన పుస్తకం, రూతు నోట్సు మధ్యలో ఉన్నాయి. రూతు నా వైపే చూస్తోంది.

"పెద్దమ్మాయ్, అది నీకు తెలిసినట్టు మాకు తెలీదు. దాంట్లో సెడ్డేటైనా ఉందా? నువ్వేటంటావు?" అన్నారు నాన్న.

వాళ్ళు విన్నది గడిలోది మాత్రమే. గడి బయట ఉన్నది ఒక దాహం వేసిన ముసలాయన. రూతు కాక అది తెలిసినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ పెద్దావిడ మాట ఇంకా చెవిలోనే ఉంది. పిల్లల క్లాసు నా చేతిలోంచి పోతుందని భయం.

"మీ ఇష్టం నాన్నా" అన్నాను.

నాన్న ప్రార్థన చేశారు. లేచాక నిర్ణయం చెప్పారు... పొద్దున్నే రెండూ నీళ్ళ పొయ్యిలో పెట్టేయాలి. పిల్లల క్లాసు మాత్రం ఎప్పటిలాగే నేనే చూసుకోవాలి.

రూతు ఏడవలేదు. పడుకోబోయే ముందు నన్ను ఒక్కటే అడిగింది. "అక్కా, నువ్వింకా లోపలే ఉన్నావు కదా... ఎలాగొస్తావు?"

ఆ తరవాత నాతో ఏ ఆటా ఆడలేదు.

మొన్న క్లాసులో పిల్ల ఒకతె ఫోనులో చూపించింది. ఇప్పుడు అలాంటి పుస్తకాలు మెరిసే కాగితం మీద, రంగురంగుల పటాలతో వస్తున్నాయట. గడులు మాత్రం ఇంకా ఉన్నాయి.

మీకూ ఇలా సగంలో ఆగిన ఆట ఉంటే ఇక్కడ రాయండి... చదువుతాను.

రూతు ఆదివారాలు ఫోన్ చేస్తుంది. బాగున్నావా, బాగున్నాను. ఎనిమిదో గదిలో ఏముందో అడిగితేనే చెప్తుంది.

నేను ఇంకా అడగలేదు.