ఖాళీగా తిరిగిన కెమెరా

మా వీధి దర్జీ గుడ్డ పెట్టేముందు కుట్టుమిషన్‌ను ఒకసారి ఉత్తగా తొక్కి చూస్తాడు. అప్పుడది తేలిగ్గా గలగలమంటుంది. సూది కిందికి గుడ్డ జారగానే దాని గొంతు బరువెక్కుతుంది. నిన్న ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వెళ్ళి ఆ తేడా విని, చేతిలోని టీ చల్లారేదాకా అలాగే కూర్చుండిపోయాను. ఆ తేడా నా చెవికి మొదట పట్టింది రాఘవయ్యగారి కెమెరా దగ్గర.

ఆయనకు బెజవాడలో ఫొటో స్టూడియో ఉండేది. పెద్ద తారలూ సెట్టింగులూ లేకుండా, జాలరుల బతుకు మీద ఒక నలుపు తెలుపు సినిమా తీయాలని డెబ్బైలలో ఆ స్టూడియోను అమ్మేశారు. నాటకాల పోటీల్లో నన్ను చూసి హీరోగా తీసుకున్నారు. చల్లపల్లి దాటి, సముద్రం దగ్గర ఒక పల్లెలో మకాం. తల్లి వేషానికి ఆ ఊళ్ళోనే చేపలమ్మే నాంచారమ్మను ఒప్పించారు. ఆమె షరతు ఒక్కటే. "అసలు బొమ్మ తీసేనాడు నా పెళ్ళి పట్టుచీర కట్టుకుంటానండి. ఈ కంపు చీరలో నన్ను లోకానికి చూపించమాకండి బాబూ." "అలాగేనమ్మా," అన్నారాయన నవ్వుతూ. ఆ నవ్వు మీద నాకప్పుడే అనుమానం కలిగింది.

మాటలు తర్వాత మద్రాసులో కలుపుతారు కాబట్టి కెమెరా ఎంత మోత చేసినా పట్టించుకునేవారు కాదు. నేను మాత్రం చెవి ఒగ్గి వినేవాణ్ణి. ముడి ఫిల్ము దొరకడమే కష్టమైన రోజులు. "టేక్!" అని నా మీద తిప్పినప్పుడల్లా కెమెరా గలగలమనేది. "ఉత్త రిహార్సలేనమ్మా" అని నాంచారమ్మ మీద తిప్పినప్పుడు మాత్రం బరువుగా నడిచేది. అంటే నాకు ఖాళీ కెమెరా, ఆమెకు ఫిల్ము. హీరోని నేనైతే సినిమా ఆమెదవుతోందన్నమాట. అప్పట్నుంచి ఆయన ప్రతి మెచ్చుకోలూ నాకు వెటకారంలాగే వినిపించింది.

ఒక మధ్యాహ్నం, పట్నం నుంచి వచ్చిన కొడుకును తల్లి తిట్టే ఘట్టం. నాంచారమ్మ చేపల పొలుసు గీరుతూ తలెత్తింది. "పట్నంలో కూడు పెట్టలేదంట్రా? మొహం చూడు, ఎండబెట్టిన సావిడాయ చేపలాగా!" చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. కెమెరా బరువుగా నడుస్తూనే ఉంది. షూటింగు ఆగాక ఆమె గుడిసె దగ్గరికి వెళ్ళి చెప్పేశాను, ఇదంతా రిహార్సల్ కాదని, ఆయన ఎప్పట్నుంచో నిజంగానే ఫిల్ము మీద తీస్తున్నారని.

ఆమె చేతులు కడుక్కుంటూ ఆగిపోయింది. "అదేంటి, నా పట్టుచీర పెట్టెలోనే ఉందిగా?"

మర్నాడు తలకు నూనె రాసుకుని, ఆ చీర కట్టుకుని వచ్చి కెమెరా ఎదుట బిగుసుకుని కూర్చుంది. "తీయండి బాబూ. ఇప్పుడు తీయండి." రాఘవయ్యగారు నా వైపు ఒక్క చూపు చూసి కెమెరా తిప్పారు. మోత విన్నాను. బరువైన మోత. పెట్టెలో మిగిలిన ఫిల్ము అంతా అయిపోయేదాకా తిప్పారు. మోత ఆగగానే ఆమె లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ షూటింగుకు రాలేదు. తల్లి లేక సినిమా అక్కడే ఆగిపోయింది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆయనే మాట కదిపారు. "నీ టేకులు ఖాళీగా తిప్పిన మాట నిజమే అబ్బాయ్. నువ్వు నటించడం ఆపేదాకా ఫిల్ము ఎలా పెట్టను?"

"మరి ఆమెను మోసం చెయ్యలేదంటారా?"

"బొమ్మ పూర్తయ్యాక ముందు ఆమెకే చూపించి, వద్దంటే ఆ ఫిల్ము పారేద్దామనుకున్నాను." సంచి భుజాన వేసుకుని నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పిందీ నిజమే. కానీ ఎందుకు చెప్పావ్?"

నాంచారమ్మ కోసమే అన్నాను. ఆయన నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ముందు ఆమెకే చూపించేవాణ్ణన్న ఆయన మాట ఎంతవరకు నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ ఆ అనుమానం వెనక దాక్కునే అర్హత నాకు లేదు. ఆమెకు జరిగిన అన్యాయం నాకు చాలా ముందే తెలుసు. నా చోటు పోతోందని బాధ కలిగాకే అది గుర్తొచ్చింది.

ఎవరి గురించైనా ఒక నిజం నోటిదాకా వస్తే ఇప్పుడు ఒక్క క్షణం ఆగి, లోపలి మోత వింటాను. చాలాసార్లు గలగలమనే వినిపిస్తుంది. అప్పుడు నోరు మూసుకుంటాను.