చెప్పే ముందు అడిగే మాట

మా పెద్దబాపు పోయాడు. సూరత్‌లోని ఉధ్నాలో మా పక్క గదిలో ఇరవై ఏళ్లు ఉన్న మనిషి మొన్న పొద్దున డ్యూటీకి లేవలేదు. చుట్టరికం ఏమీ లేదు, నాన్నకంటే పెద్దవాడని అలా పిలిచేదాన్ని. మరమగ్గాలు నడిపేవాడు. వాటిని మావాళ్లు సాంచాలంటారు. ఆయన గురించి ఎవరూ రాయరు కాబట్టి నేనే మీకు చెప్పుకుంటున్నాను.

నాకు లెక్కలు రావు. పన్నెండో తరగతిలో ఆ ఒక్కటే తప్పాను, అదీ రెండుసార్లు. నాన్న తల పట్టుకుని, "లెక్కలు రాని పిల్లకు ఈ సూరత్‌ల ఎవలిస్తరు నౌకరీ?" అన్నాడు. గడపలో బీడీ కాలుస్తున్న పెద్దబాపుకు కోపం వచ్చింది.

"నాకొచ్చినయా లెక్కలు? ఎన్ని మీటర్లు నేసిన్నో సేటు చెప్తేనే నాకెరుక. పిల్లకు మాటున్నది. హిందీ, గుజరాతీ, మన తెలుగు, మూడూ వస్తయి. దవాఖానల దారి చెప్పేటోళ్లు వద్దా? బడిల పాఠం చెప్పేటోళ్లు వద్దా? కంపెనీల ఫోన్ ఎత్తేటోళ్లు వద్దా?"

మర్నాడు డ్యూటీ ఎగ్గొట్టి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మార్కుల కాగితం తన జేబులోనే దాచి, ముందు నాతో మాట్లాడి చూడమని మేనేజరును బతిమాలాడు. అలా విచారణ కౌంటర్లో కూర్చున్నాను.

మొదటి వారంలోనే తప్పు చేశాను. భర్త ఏ వార్డులో ఉన్నాడని అడిగిన ఒకామెకు, కంప్యూటర్లో చూసి, ఆయన పోయాడని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నిలబడ్డచోటే కూలిపోయింది. ఆ సాయంత్రం ఏడుస్తుంటే పెద్దబాపు పక్కన కూర్చున్నాడు. ఇక్కడ మావాళ్లెవరు పోయినా ఊరికి ఫోన్ చేసి చెప్పేది ఆయనే. ఆ పని మరెవరికీ చేతకాదు.

"ముందుగాల తిన్నరా అని అడగాలె బిడ్డా. పక్కన ఎవలున్నరో అడగాలె. కూసోబెట్టి నీళ్లు తాగిపియ్యాలె. గప్పుడు చెప్పాలె. మనకు జల్దీ ఉంటది, వాళ్లకు ఉండది."

ఆ తర్వాత ఎందరికో అలాగే చెప్పాను. రోజంతా మాట్లాడే కొలువు నాది. అమ్మానాన్నలు ఊరికి వెళ్లిపోయాక, గదికి వచ్చి నా మాట చెప్పుకునేది మాత్రం ఆయన ఒక్కడికే.

మొన్న ఆయన్ని మా ఆసుపత్రికే తెచ్చారు. అప్పటికే ప్రాణం పోయిందని డాక్టరు పెదవి విరిచాడు. గదిలో ఆయనతో ఉండే మగవాళ్లంతా నావైపే చూశారు. ఊళ్లో బీడీలు చేసుకుంటూ ఉండే ఆయన భార్యకు, మా పెద్దమ్మకు, ఎవరు చెప్పాలి? ఫోన్ నా చేతికే వచ్చింది. వెనక మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాను. అలవాటు కొద్దీ ఒక గ్లాసు నీళ్లు కూడా తీసుకెళ్లాను.

"పెద్దమ్మా, తిన్నవా?"

ఈ మాటతో మొదలయ్యే పెద్దబాపు ఫోన్ మా ఊళ్లో ఎన్ని ఇళ్లకు వెళ్లిందో, అడిగాక గుర్తొచ్చింది.

"గిట్ల అడిగేది మీ పెద్దబాపు కదనే," అంది. "ఇయ్యాల నువ్వడుగుతున్నవంటే..."

చేతిలోని గ్లాసు పక్కన పెట్టాను. ఆమె ఏడుపు విన్నాను. కాసేపటికి ఆమే తేరుకుని అడిగింది.

"నువ్వు తిన్నవా బిడ్డా? నీ పక్కన ఎవలన్న ఉన్నరా?"

"ఉన్నరు పెద్దమ్మా," అన్నాను.

మెట్ల మీద నా పక్కన నీళ్ల గ్లాసు ఉంది.