పెద్దమ్మ పేరు కొడితే బీరువా వచ్చింది

ఆ రోజుల్లో ఉద్యోగమంటే మన పేరు పక్కన ఎవరో ఒకరు ఏదో ఒక హోదా తగిలించడమేనని అనుకునేవాణ్ణి. పటమటలో ఒక మందుల షాపు మేడ మీదున్న వెబ్‌సైట్ల ఆఫీసులో నాకు తగిలించిన హోదా ‘ట్రైనీ’. ఇంటర్నెట్‌లో ఎవరేం వెతికినా మా ఖాతాదారుల షాపులే మొదటి పేజీలో కనబడేలా చూడటం నా పని. మా ఓనరు గారి నోట ఎప్పుడూ ఆ మాటే కాబట్టి ఆయనకు ‘ఫస్ట్ పేజీ గారు’ అని పేరు పెట్టుకున్నాం. (ఈ జ్ఞాపకంలో అసలు పేర్లు ఎవరివీ రాయను. రాస్తే ఏమవుతుందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.)

నాకు అప్పగించిన మొదటి ఖాతాదారు మా మామయ్యే, అమ్మకు తమ్ముడు. బందరు రోడ్డు మీద ఆయనకు టేకు ఫర్నిచర్ షాపు ఉంది. ఫస్ట్ పేజీ గారు మెత్తగానే చెప్పారు: “శ్రావణం పెళ్ళిళ్ల నాటికి ‘విజయవాడలో టేకు బీరువా’ అని కొడితే మీ మామయ్యగారి షాపు కనబడాలండి. కనబడితే మీరు పర్మనెంటు. లేదంటే మీరు ఇంకెక్కడైనా కనబడొచ్చు.” మర్యాదకు మాత్రం లోటు చేయలేదు.

సైటు అడ్రసు పొట్టిగా, ఊరూ సరుకూ తెలిసేలా ఉండాలని మామయ్యకు వివరించాను. ఆయన శ్రద్ధగా విని, శ్రీతో మొదలుపెట్టి, ఇలవేల్పు, తాతయ్య, అమ్మమ్మల మీదుగా ‘అండ్ సన్స్’ దాకా చెప్పుకుంటూ పోయాడు. “మామయ్యా, ఇది అడ్రసా, శుభలేఖా?” అన్నాను. “సరే అల్లుడూ, మా అమ్మ పేరు నీ చేత్తో నువ్వే తీసెయ్, నేను చూస్తూ కూర్చుంటా,” అన్నాడు. నేను తీయలేదు. బెంజి సర్కిల్లో రెడ్ లైటు పడ్డప్పుడు ఆ అడ్రసు టైపు చేయడం మొదలుపెడితే, పచ్చ లైటు వెలిగేసరికి అమ్మమ్మ దాకా రావచ్చు.

అసలు గొడవ పేజీల పేర్ల దగ్గర వచ్చింది. తాతయ్య హయాంలో ఇంటి ఆడపిల్లల్లో ఎవరి పెళ్ళయినా, ఆ పిల్ల కోసం షాపులో ఒక కొత్త డిజైను పుట్టేది. ఆ తర్వాత ఆ డిజైనుకు ఆ పిల్ల పేరే. ఆ లెక్కన మా పెద్దమ్మ బీరువా, మా అమ్మ డ్రెస్సింగ్ టేబులు, పిన్ని ఉయ్యాల. నేను పుట్టిన దగ్గర్నుంచీ ఆ షాపులో “పిన్నికి ఒక కాలు ఊడింది, మేకు కొట్టండి” లాంటి కేకలు వింటూ పెరిగాను కాబట్టి నాకది వింతగా అనిపించలేదు. సైటులో కూడా అవే పేర్లు, ఇంటిపేర్లతో సహా పెట్టమని మామయ్య పట్టుబట్టినప్పుడు మాత్రం అడ్డం పడ్డాను.

“బీరువా కావాల్సినవాడు బీరువా అనే వెతుకుతాడు మామయ్యా. పెద్దమ్మ పేరెందుకు కొడతాడు?”

“మన షాపుకొచ్చేవాళ్లంతా ఆ పేరే కదరా అడిగేది!”

“వాళ్లకి షాపు తెలుసు. సైటు పెట్టేది షాపు తెలియనివాళ్ల కోసం.”

“అందుకే పెట్టమంటున్నా. తెలియనివాళ్లకి తెలుస్తుంది.”

దీనికి జవాబు మా కాలేజీలో చెప్పలేదు. పేజీ పేరు పెద్దమ్మదే ఉంచి, జనం వెతికే మాటలన్నీ దాని కింద వర్ణనలో కుక్కాను. ఫలితం శూన్యం. రోజూ పొద్దున్నే ‘టేకు బీరువా’ అని కొట్టేవాణ్ణి. ఊళ్లో షాపులన్నీ వచ్చేవి, చెదల మందు అమ్మేవాళ్లు కూడా వచ్చేవారు, మేం తప్ప. ఫస్ట్ పేజీ గారు రోజూ నా కుర్చీ వెనక నిలబడి, “శ్రావణం వస్తోందండీ,” అనేవారు.

ఆషాఢం మొదట్లో, ఆఫీసులో ఉండగా మామయ్య దగ్గర్నుంచి ఫోను. “ఉన్నపళంగా రా. మీ పెద్దమ్మ మైలవరం నుంచి పొద్దుటి బస్సుకే దిగింది.” మా పెద్దమ్మ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. పాత విద్యార్థులు ఆవిడకు సన్మానం తలపెట్టి, ఫ్లెక్సీ మీద వేయడానికి వివరాలేమైనా దొరుకుతాయేమోనని ఆవిడ పేరు ఇంటర్నెట్‌లో కొట్టారట. నేను వెళ్లేసరికి ఆవిడ తన బీరువా పక్కనే నిలబడి, సెల్‌ఫోను నా చేతికిచ్చి, “పైకి చదువు,” అంది.

మొదటి పేజీలో మొట్టమొదట ఆవిడ పేరే ఉంది. నా వృత్తిజీవితంలో నేను సాధించిన మొదటి ఫస్ట్ ర్యాంకు అది. దాని కింద, నా వర్ణనలోంచి ఇంటర్నెట్ ఏరుకున్న నాలుగు ముక్కలు చదివాను: “గట్టి శరీరం. లోపల బోలెడు చోటు. ఎంత పాతబడినా కిర్రుమనదు. ఆషాఢం తగ్గింపులో మైలవరం దాకా ఉచితంగా తెచ్చి దింపుతాం. ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి.”

“నన్ను ఎత్తడానికి ఇద్దరు కావాలట్రా?”

“అది బీరువా గురించి పెద్దమ్మా...”

“బీరువా అన్న ముక్క ఎక్కడుంది అందులో?”

మామయ్య అడ్డొచ్చాడు. “నాన్న పెట్టిన పేరు కదక్కా.”

“నాన్న షాపులో పెట్టాడు. ఊరూరా దండోరా వేయమన్లేదు. బీరువాని బీరువా అని చావండి!”

నేను వేసవంతా బతిమాలిన మాటే అది. మామయ్య నా వైపు తిరిగి, “విన్నావుగా? మొదట్నుంచీ అలా పెట్టొచ్చుగా?” అన్నాడు. బల్లల మీద ఉలులు చాలా ఉన్నాయి, నేను ఏ ఒక్కటీ ముట్టుకోలేదు.

పేజీలన్నీ మార్చాను. శ్రావణం వచ్చేసరికి మా షాపు మొదటి పేజీలో అట్టడుగునైనా కనబడింది, నేను పర్మనెంటయ్యాను. మామయ్య పొంగిపోయి, “మగపిల్లాడివైతే ఏం, నీ పేరు మీద ఒక స్టూలు చేయిస్తాన్రా,” అన్నాడు. దణ్ణం పెట్టి వద్దన్నాను.

దసరాకి పెద్దమ్మ ఫోను చేసింది. “ఏరా, నా పేరు కొడితే ఏమీ రావడం లేదేం?”

“నువ్వే కదా తీసేయమన్నావు!”

“తీసేయమన్నది బీరువాని. నన్ను కాదు.”

ఇప్పుడు నాకే ఒక ఆఫీసుంది. ఎందరెందరి షాపులనో పైకి ఎక్కించి కూర్చోబెట్టాను. మొన్న ఎవరూ చూడకుండా నా పేరు కొట్టి చూసుకున్నాను. ఒక పళ్ల డాక్టరు వచ్చాడు, ఒక కోళ్ల ఫారం ఓనరు వచ్చాడు. ఎన్ని పేజీలు తిప్పినా నేను రాలేదు. ఆ స్టూలు విషయంలో కాస్త తొందరపడ్డానేమో. చిన్నదే అనుకోండి, ఎత్తడానికి ఒక్కరు చాలు. అయినా మంచి టేకు కదా!