మేం దాదర్‌లో దిగిన రోజులు

ఏదో జరగబోతోందని నాకు మొదట అనిపించింది ఒక మంగళవారం మధ్యాహ్నం, పన్నెండుంబావుకి, పిల్లల బడి గేటు ముందు. మా కాలేజీ వాళ్ళ వాట్సాప్ గ్రూపు ఆ వారమంతా పెళ్ళివారిల్లులా ఉంది. డిగ్రీ పూర్తయి పదేళ్ళు నిండుతున్నాయి కాబట్టి ఒక ఆదివారం అందరం కలవాలని, ఆడవాళ్ళందరూ పసుపుపచ్చ చీరలు కట్టుకోవాలని, మగవాళ్ళు పొట్టలు కనపడని చొక్కాలు వేసుకోవాలని హిందీలో, మరాఠీలో, ఇంగ్లీషులో వందల సందేశాలు. వచ్చేవాళ్ళ జాబితాలో ఎవరి పేరు వాళ్ళు చేర్చుకుంటూ పోతున్నారు. నా పేరు కింద నా స్నేహితురాలి పేరు కూడా నేనే చేర్చాను. ఆమెకు ఇలాంటివాటిలో బద్ధకం ఎక్కువ. ఆ చీరల గోల మధ్యలో ఆమె దగ్గరి నుంచి ఒక్క సందేశం వచ్చి పడింది. తెలుగులో, తెలుగు అక్షరాలతో. “నాతోని కాదే ఇగ. నన్ను లెక్కల పట్టకు.”

ఇందులో భయపడడానికేముంది అని ఎవరైనా అడగవచ్చు. నేను పుట్టు పిరికిదాన్ని. పిల్లలు ఎక్కే బస్సును చూసి భయపడతాను, మేముండే పాత చాల్ భవనం మెట్ల మీద వేలాడే కరెంటు తీగను చూసి భయపడతాను, చిన్నవాడు రెండుసార్లు దగ్గితే మూడో దగ్గు కోసం చెవి పెట్టుకుని కూర్చుంటాను. కానీ ఆ రోజు భయం వేరు. కాలేజీలో చేరిన నాటి నుంచి ఈ నాటి దాకా, ఆ మనుషుల ముందు మేమిద్దరం తెలుగులో ఒక్క ముక్క మాట్లాడి ఎరగం. మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా నేర్చుకున్న ఆ అక్షరాలను ఆమె అందరి మధ్యా పెట్టేసిందంటే, దాచుకునే ఓపిక కూడా అయిపోయిందన్నమాట.

అది తెలిసీ నేను చేసిన పని ఇది. ఎవరో “ఈ జిలేబీలు ఎవరు వేశారు?” అని నవ్వారు. ఇంకెవరో “కన్నడమా?” అన్నారు. నేను గబగబా హిందీలో కొట్టాను: “వాళ్ళబ్బాయి ఫోన్‌తో ఆడుకుంటున్నట్టున్నాడు.” అందరూ పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. రెండు నిమిషాలకు ఆమె గ్రూపు నుంచి వెళ్ళిపోయిందని తెరమీద సన్నటి అక్షరాలు కనిపించాయి. గేటు తెరిచారు, పిల్లలు వచ్చేశారు.

ఇదంతా అర్థం కావాలంటే దాదర్ సంగతి చెప్పాలి. మా తాతల తాతలు రాళ్ళు మోయడానికి, సున్నం కలపడానికి తెలంగాణ నుంచి ఈ ఊరికి వచ్చారు. వాళ్ళను కామాఠీలన్నారు. వాళ్ళున్న పేట కామాఠిపుర అయింది. అంటే ఆ పేరు మాది. తర్వాత కొన్ని గల్లీల్లో జరిగిన ఒళ్ళమ్ముకునే వ్యాపారం వల్ల ఊరంతా ఆ పేరును వేరేగా పలకడం మొదలుపెట్టింది. ఇల్లెక్కడ అని అడిగితే మా అన్నలు పక్క పేట నాగ్‌పాడా అనేవారు, మా నాన్న ముంబై సెంట్రల్ అనేవాడు. కాలేజీలో మొదటి రోజు మాస్టారు ఒక్కొక్కరినీ లేపి ఊరూ పేరూ అడుగుతుంటే, నా వంతు రాగానే నా నోట్లోంచి “దాదర్” అని ఊడిపడింది. ఎందుకంటే మా తాత నన్ను పండగలకు దాదర్‌లో మన తెలుగువాళ్ళ సంఘానికి తీసుకెళ్ళేవాడు. అక్కడి పులిహోర, వెడల్పాటి మెట్లు నాకు తెలుసు. నా పక్క బెంచీలో ఉన్న, అప్పటికి నాకు ముఖం కూడా తెలియని అమ్మాయి లేచి తనదీ దాదర్ అంది. వెనక నుంచి బోరివలీ అమ్మాయి ఒకతె సంబరపడిపోయింది. ముగ్గురం ఒకే లైను, రోజూ కలిసే పోవచ్చు అని.

సాయంత్రం చర్చిగేట్‌లో ముగ్గురం రైలెక్కాం. ముంబై సెంట్రల్ వచ్చింది. మా స్టేషను, మా ఇంటికి పది నిమిషాల నడక. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, అది వెళ్ళిపోయింది. దాదర్‌లో దిగి, బోరివలీ అమ్మాయికి చెయ్యి ఊపి, మా ఇల్లు తూర్పు వైపని నేను, తనది పడమరని ఆమె, చెరో వంతెన ఎక్కేశాం. పది నిమిషాలయ్యాక వెనక్కి పోయే రైలు కోసం ప్లాట్‌ఫారం మీదికి వస్తే, ఒక స్తంభం చాటున ఎవరో తెగిన చెప్పును తిడుతున్నారు. “గిప్పుడే తెగాల్నా, దీని మొగం మండ!” చూస్తే ఆ పక్క బెంచీ అమ్మాయే.

“నువ్వు గూడానా?” అన్నాను.

ఆమె చెప్పు చేతిలో పట్టుకుని నన్ను కింది నుంచి మీదికి చూసింది. “ఏ గల్లీ?”

“పదకొండు. నువ్వు?”

“నాలుగు. చూడు, ముందుగాల దాదర్ అన్నది నువ్వే. నేను నీ ఎనక అన్న. ఈ పాపమంత నీకే.”

మూడేళ్ళు అదే పని చేశాం. ఒకసారి ఆడిన అబద్ధాన్ని రోజూ మోసుకుని దాదర్‌లో దింపి రావాల్సి వచ్చింది. పాస్ కూడా దాదర్ దాకే తీసుకున్నాం. ఇంట్లో ఎక్స్‌ట్రా క్లాసులని చెప్పాం. పోయేటప్పుడు హిందీ, వచ్చేటప్పుడు తెలుగు. ఆ తిరుగు రైలులోనే ఒకరి నోట్సు ఒకరికి అప్పజెప్పుకున్నాం, ఒక వడాపావ్‌ను ఇద్దరం తిన్నాం, ఇంట్లో ఎవరికీ చెప్పని మాటలన్నీ చెప్పుకున్నాం. ఒక వానాకాలం పట్టాల మీద నీళ్ళు నిలిచి రైళ్ళు ఆగిపోతే బోరివలీ అమ్మాయి మాతో పాటే దిగి, నీళ్ళు తీసేదాకా మీ ఇద్దరిలో ఎవరింటికైనా వస్తానంది. నా స్నేహితురాలు కన్నార్పకుండా తన ఇంట్లో తమ్ముడికి, నా ఇంట్లో చెల్లెలికి అమ్మవారు పోసిందని చెప్పింది. నాకు చెల్లెలే లేదు. ఆ పిచ్చిది నమ్మి, రెండు వారాల పాటు రోజూ ఇద్దరు రోగుల క్షేమం అడిగి, ఒకరోజు కొబ్బరిబోండాలు కూడా తెచ్చింది. వాటిని మేం తిరుగు రైలులో తాగాం. నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. మంచి మనిషి ఆ బోరివలీ అమ్మాయి. ఈ పదేళ్ళ పండగకు పూనుకున్నదీ ఆమే. పరేల్‌లో ఒక పెద్దాసుపత్రిలో, కొత్త రోగుల పేర్లు రాసుకునే కౌంటర్ దగ్గర ఉద్యోగం చేస్తోంది.

డిగ్రీ అయ్యాక నాకు ఇక్కడే రెండు గల్లీల అవతల పెళ్ళయింది. ఆమె ధారావికి కోడలుగా పోయింది. ఫోన్లు ఉండేవి. మొదట రోజూ, తర్వాత వారానికొకసారి, తర్వాత పండగలకు. నాకు ఇద్దరు పిల్లలు, చేతికి ఖాళీ లేదు. పోయిన ఏడు వానలు మొదలైనప్పుడు ఒకరోజు ఆమె ఫోన్ చేసి, “ఒక్కపారి దాదర్ పోయొద్దామానే, పాత లెక్కన?” అంది. ఏమైందే అంటే, ఏం లేదు, ఊకెనే అంది. చిన్నవాడికి జ్వరంగా ఉంది, దసరా అయినాక పోదామన్నాను. “సరే తియ్యి. దసరా ఏడికి పోతది,” అంది. దసరా వచ్చింది, వెళ్ళింది. నాకు గుర్తే లేదు.

మంగళవారం సాయంత్రం బోరివలీ అమ్మాయి నాకు విడిగా ఫోన్ చేసింది. నా స్నేహితురాలు బాగానే ఉందా అని అడిగింది. పోయిన ఏడు వానల్లో తన కౌంటర్ ముందు వరసలో అచ్చం ఆమెలాంటి మనిషి కనిపించిందట. చెయ్యి ఊపితే, వరస వదిలేసి వెళ్ళిపోయిందట. పొరబడ్డానేమో అనుకున్నానంది. “వాళ్ళబ్బాయి ఎంత పెద్దవాడయ్యాడు?” అని కూడా అడిగింది. ఆ ఆసుపత్రికి జనం క్యాన్సర్‌కే పోతారని ఊరందరికీ తెలుసు. నేను ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా అలాగే నిలబడ్డాను.

మర్నాడు పిల్లల్ని మా అత్తగారి దగ్గర వదిలి ధారావి పోయాను. తోళ్ళ వాసన, కరిగే ప్లాస్టిక్ వాసన దాటి, కుట్టుమిషన్ల గల్లీలో, పైగదికి ఇనప నిచ్చెన. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి వచ్చాను, అంతే. కింద వాళ్ళత్త బియ్యం ఏరుతోంది. “నువ్వేనా బిడ్డా, రైల్ల దోస్తువు? మస్తు జెప్తది నీ ముచ్చట. మా పోరడు స్లాబు పనికి పోయిండు. జర మెల్లగ ఎక్కు,” అంది.

చాప మీద పడుకుని ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది. మనిషి సగమైంది. కళ్ళ తెల్లగుడ్లు పచ్చబడ్డాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“ఇన్నొద్దులకు తీరిందానే తల్లీ? కూసో. పసుపుపచ్చ చీరె అన్నరు గద? నాకు చీరె గూడ వద్దు, ఉత్తగ వచ్చి నిలబడ్డ మ్యాచింగ్ అయితది.”

నేను చాప అంచున కూర్చున్నాను. ఆమే అంది: “మా పోరగాడు ఫోన్‌తోని ఆడిండు అని రాసినవ్ గద. నాకు పోరడు ఎప్పుడు పుట్టిండే? నాకైతె ఎవ్వలు చెప్పలే.”

ఆమెకు పిల్లల్లేరు. రెండుసార్లు నిలవలేదు. రెండోసారి ఆసుపత్రిలో పక్కన కూర్చున్నదాన్ని నేనే. అంత తెలిసిన నేను, దాదర్‌ను కాపాడుకోవడానికి ఆమె ఒళ్ళో లేని బిడ్డను పెట్టాను.

మిగిలింది ఆమె మెల్లగా, ఆగి ఆగి చెప్పింది. రొమ్ములో గడ్డ చేతికి తగిలింది పోయిన ఏడు వానలకు ముందే. ఒక్కతే ఆసుపత్రికి పోయి వరసలో నిలబడింది. ముందు నలుగురున్నప్పుడు కౌంటర్‌లో ఎవరున్నారో చూసింది.

“అది నన్ను చూసి చెయ్యి ఊపవట్టె. ఆడ ఆధార్ కార్డు ఇయ్యాలె గద. నా కార్డుల ఇంక కామాఠిపుర, నాలుగో గల్లీ అనే ఉన్నది. మూడేండ్లు అబద్దాలు చెప్పి దాన్ని ఉల్లు బనాయించినం. కొబ్బరిబోండాలు తెచ్చింది పాపం. ఏ మొగం పెట్టుకొని ఇయ్యాలె? మర్లి వచ్చిన. ఆ దినమే నీకు ఫోన్ చేసిన.”

“ఫోన్ల చెప్పొద్దానే? ఒక్క మాట చెప్పొద్దా?”

“గది ఫోన్ల చెప్పే మాటనా? రైల్ల చెప్పే మాట.”

దసరా, దీపావళి పోయాక, కౌంటర్‌లో వేరే మనిషి ఉన్న రోజు చూసుకుని మళ్ళీ పోయిందట. అప్పటికే అది కాలేయం దాకా పాకింది. మందులెక్కించారు, జుట్టు పోయింది. పోయిన నెల డాక్టరు ఆమె మొగుణ్ణి పక్కకు పిలిచి, ఇక ఇంట్లోనే ఉంచుకోండి, నొప్పి తెలియకుండా గోళీలిస్తామన్నాడు. మొదట్లోనే వచ్చి ఉంటే అని కూడా అన్నాడట. “అది మాత్రం ఎందుకన్నడో. ఖాలీపీలీ, ఊకెనే,” అంది నా స్నేహితురాలు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నేను ఏడుస్తుంటే, “ఊకోయే. మా అత్త చూసిందంటె ఛాయ్ పెడ్తది. ఆమె ఛాయ్ తాగినోళ్ళు నాకంటె ముందుగాల పోతరు,” అంది. గ్రూపులో చెప్పనా, అందరూ వస్తారు, బోరివలీ అమ్మాయి ఏదైనా చెయ్యగలదేమో అంటే తల అడ్డంగా ఊపింది. “వద్దు. పూలగుత్తులు పట్టుకొని గీ నిచ్చెన ఎక్కుతరు. ఇల్లంత చూస్తరు. వద్దే.” నాకు కోపం రావాలి. రాలేదు. ఆ చాప మీద నేనున్నా అదే అనేదాన్ని. సిగ్గుపడాల్సింది మేం కాదని ఇద్దరికీ తెలుసు. తెలిసే మూడేళ్ళు రైలెక్కాం, దిగాం, పదమూడేళ్ళు ఆ అబద్ధం మోశాం.

లేచేటప్పుడు నా వేళ్ళు పట్టుకుంది. చెయ్యి వేడిగా, పుల్లలా ఉంది. “మల్ల ఎప్పుడొస్తవ్?” అంది. దసరా అయినాక అనలేదు. రేపొస్తానన్నాను.

ఇది రాస్తున్నప్పటికి వారమైంది. పిల్లలు పడుకున్నారు. గ్రూపులో చీరల ఫోటోలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పదేళ్ళు, పదేళ్ళు అని అందరూ ఆ అంకెను కేకులా కోసుకుంటున్నారు. మా ఇద్దరికీ కావలసింది పదేళ్ళు కాదు, పోయిన ఏటి ఒక్క సాయంత్రం. అది ఎవరినడిగినా దొరకదు.

ధారావి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున పెద్దదానికి జడ వేస్తుంటే, నిన్న ఎక్కడికి పోయావని మరాఠీలో అడిగింది. నేను తెలుగులో చెప్పాను. ధారావిలో మీకొక పిన్ని ఉంది, నాకు చెల్లెలు లాంటిది, ఇన్నాళ్ళు మీకు చూపించలేదు, తప్పు నాదే, ఇవాళ్టి నుంచి బడి అయ్యాక ముగ్గురం అక్కడికే పోతాం, అక్కడే హోంవర్కు చేసుకోవాలి, అల్లరి చెయ్యకూడదు. చిన్నవాడు బూటు ఒకటి చేత్తో పట్టుకుని, రోజూనా, ఎన్ని రోజులు అన్నాడు. సెలవులు లెక్కపెట్టినట్టు వేళ్ళు కూడా తెరిచాడు.

“లెక్కపెట్టకు బిడ్డా,” అన్నాను. “ఉన్నన్ని రోజులు.”