సంచిలో రెండో చొక్కా

మా పక్కింటి వదిన పోయిందని మంగళవారం పొద్దున ఆమె కూతురు తలుపు తట్టి చెప్పింది. నిద్రలోనే పోయిందట. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. కొన్నిచోట్ల చెయ్యి ఆపుతోంది. ఆపనివ్వను.

అమెరికాలోని ఈ మోరిస్‌విల్‌లో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. ఆమె నల్లజాతి మనిషి, లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. నేను "వదినా" అంటే పలికేది. నాకు ఇంగ్లిషు రాదు, ఆమెకు తెలుగు రాదు. మధ్యలో మాటలు మార్చి చెప్పేది, అప్పటికి పద్నాలుగేళ్ల నా మనవరాలు. ఇద్దరం మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసేవాళ్లం. నేను సరిగ్గా తీయనివి ఏరి మళ్లీ నా ముందు పడేసేది. రిటైరైనా పంతులమ్మే.

ఆ ఏడు మనవరాలిని దగ్గరి స్కూల్ నుంచి దూరపు స్కూల్‌కి మార్చారు, రీఅసైన్ అంటారు. ఆ మార్పు వద్దంటూ మా కాలనీ తెలుగువాళ్లు పిటిషన్ రాశారు. "అక్కడ రేటింగ్ బాలేదత్తయ్యా" అంది కోడలు. సంగతి రేటింగ్ ఒక్కటే కాదని నాకు తెలుసు. తెలిసే, వదిన పక్కన కూర్చుని నోరు పారేసుకున్నాను.

"అక్కడంతా నల్లపిల్లలేనట. మన పిల్లను పంపేది లేదు."

తెలుగులో అన్నాను కదా, ఆమెకేం తెలుస్తుందనుకున్నాను. ఏమంటోందని వదిన అడిగింది. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమని మనవరాలికి నేర్పింది నేనే. చెప్పేసింది.

వదిన చేతులు ఆగలేదు. ఈనెలు తీస్తూనే మాట్లాడింది. మనవరాలు ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. పదిహేనో ఏట ఆమెను తెల్లపిల్లల హైస్కూల్లో వేశారు. క్లాసులో నల్లపిల్ల ఆమె ఒక్కతే. వెనక కూర్చునేవాడు రోజూ వీపు మీద సిరా చల్లేవాడు. అందుకని సంచిలో రెండో చొక్కా పెట్టుకుని వెళ్లేది.

"ఒక్కటి పీకలేకపోయావా వదినా?"

"పీకితే ఇంటికి పంపేస్తారు. వాళ్లక్కావలసిందీ అదే. నేను వెళ్లింది వాళ్ల కోసం కాదు, లెక్కల కోసం."

అంతకుముందు చదివిన నల్లపిల్లల స్కూలంటే ఆమెకు ప్రాణమట. దాన్ని మూసేసినప్పుడు అక్కడి పిల్లలు గెలిచిన కప్పులన్నీ చెత్తలో పారేశారట. అది చెప్పేటప్పుడు మాత్రం చేతులు ఆగాయి.

"పంపకపోతే మానెయ్. ఎందుకు పంపడం లేదో మాత్రం ఈ పిల్లకు నువ్వే చెప్పు" అంది.

మా ఊరి బళ్లో ఎవరి పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టేవారో నాకు తెలుసు. నేను లోపల కూర్చునేవాళ్ల ఇంట్లో పుట్టాను. ఆడపిల్లనని బడికి పంపలేదు, అంతే. మనవరాలు నా మొహంలోకి చూస్తోంది.

ఇంట్లో కోడలు పిటిషన్ తీసింది. "సంతకం పెట్టాలంటే పక్కింటికెళ్లి వదిన ఎదురుగా పెట్టు" అన్నాను.

"వద్దన్నది మీరే కదత్తయ్యా!"

"అన్నాను. తప్పన్నాను."

కోడలు పక్కింటికి వెళ్లలేదు. సంతకమూ పెట్టలేదు. ఇది చదువుతున్న మీ ఇంటికీ అలాంటి కాగితం వచ్చి ఉంటుంది. ముందు మీ పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని కారణం చెప్పండి, తర్వాత పెట్టండి సంతకం.

వదిన నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. మర్నాడు గిన్నె పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ దూరపు స్కూలు తెరిచిన రోజు, వదిన చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని బస్సు దగ్గరికి వచ్చింది. మనవరాలు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. వెనకే ఎక్కిన నల్లపిల్ల ఏదో అడిగింది. మనవరాలు తన బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. ఆ పిల్ల పక్కన కూర్చుంది. బస్సు కదిలింది.

"పద వదినా, ఎండెక్కుతోంది" అన్నాను.

ఒక్క నిమిషం అన్నట్టు వేలెత్తింది. బస్సు మలుపు తిరిగిపోయింది. ఆమె ఇంకా ఆ రోడ్డు వైపే చూస్తోంది.